పొయ్యి అంటుకోకపోతే తప్పు వాడినవాళ్లదేనా?

పెల్లెట్ పొయ్యిలు, పెల్లెట్ గ్రిల్లులు తయారుచేసే, బయటి దేశాల నుంచి తెప్పించి అమ్మే సంస్థల యాజమాన్యాలకు,



"మీరు వాడే పద్ధతి సరిగా లేదు" అనే మాట మీద ఈ ఉత్తరం రాస్తున్నాను. మీరిచ్చిన ఫోన్ నంబర్లకు చేసిన మా ఊరివాళ్లకు అటునుంచి వినబడే మొదటి మాట అదే, ఆఖరి మాటా అదే.

నారాయణఖేడ్‌లో మోటారు వైండింగ్ పని నాది. బోరు మోటార్లు, కూలర్లు, మిక్సీలు నా బల్ల మీదికి వస్తుంటాయి. ఇప్పుడు వాటి పక్కన మీ పొయ్యిలూ చేరాయి. సంగారెడ్డి నుంచి నాందేడ్ వైపు పోయే 161వ నంబరు జాతీయ రహదారి మీది హోటళ్ల నుంచి వస్తాయి, ఫంక్షన్ హాళ్ల నుంచి వస్తాయి, కోడిమాంసం కాల్చి అమ్మే బండ్ల నుంచి వస్తాయి. అన్నిటి జబ్బూ ఒకటే. అంటుకోవు.

మొన్నటి వానకాలంలో ఒకామె తన పొయ్యిని ఆటోలో వేసుకుని వచ్చింది. రోడ్డు పక్కన చిన్న హోటలు ఆమెది. పొద్దున ఐదింటికి డ్రైవర్లు టిఫిన్‌కు ఆగుతారు. "అన్నా, నాలుగు రోజులైంది, పొయ్యి అంటుకుంటలేదు. ఫోన్ చేస్తే నాకే వాడరాదంటున్నరు" అంది. విప్పితే వారంటీ పోతుందని, హైదరాబాదుకు తెచ్చివ్వాలని చెప్పారట. నూటికి పైగా కిలోమీటర్లు. హోటలు మూసి, బండి మాట్లాడుకుని, తెచ్చి, మళ్లీ ఎప్పుడిస్తారో తెలియక తిరిగి వెళ్లాలి. ఆమె వెనక నిలబడ్డ కొడుకును అప్పుడు చూశాను. ఇంటర్ చదివే పిల్లవాడు. కనుబొమ్మలు మాడిపోయి ఉన్నాయి. మూడోరోజు తెల్లవారుజామున అమ్మ అవస్థ చూడలేక, బండిలోంచి పెట్రోలు తీసి పొయ్యిలో పోశాడట.

ఆ పిల్లవాడి కళ్లు దక్కాయి. దక్కకపోతే మీ రిజిస్టర్లో ఏమని రాసేవారు? వాడే పద్ధతి సరిగా లేదనేనా?

అయ్యా, పొయ్యి రాజెయ్యడం రాదని మీరు ఎవరిని అంటున్నారో ఒక్కసారి ఆలోచించండి. ఏడేళ్ల వయసు నుంచి కట్టెల పొయ్యి ముందు కూర్చున్న మనిషిని అంటున్నారు. మా ఇళ్లలో ఆడవాళ్లకు నాలుగు పనులు తెలుసు. పొద్దున లేవగానే నిన్నటి బూడిద ఎత్తాలి. పచ్చికట్టె పక్కన పెట్టి ఎండుకట్టె ఏరుకోవాలి. ముందు సన్నపుల్లలు రాజేసి, నిప్పు పట్టాకే లావుకట్టె తొయ్యాలి. మంట పడిపోతే ఊదుగొట్టంతో ఊదాలి. మీ యంత్రంలో జరిగేదీ ఈ పనే కదా! డబ్బాలోంచి పెల్లెట్లను ముందుకు తోసే మర, కట్టె తోసే చెయ్యి. మీరు ఇగ్నైటర్ అనేది, మేము హీటర్ రాడ్డు అనేది సన్నపుల్ల. ఫ్యాను ఊదుగొట్టం. అడుగున చిల్లులున్న నిప్పుగిన్నె పొయ్యి గుంత. తెలిసిన ఆ పనినే ఇనపపెట్టెలో పెట్టి, చుట్టూ సీలు వేసి, పైన "విప్పరాదు" అని చీటీ అంటించి, ఆ తర్వాత ఆమెకు వాడరాదంటే ఎట్లా? ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆమె సాకు చెబుతోందని మీరనుకుంటున్నారు. నేను విప్పి చూశాను. ఇక్కడ మద్దెలే ఓడు.

ఏం కనబడిందో చెబుతాను, వినండి.

మొదటిది తడి. రంపపు పొట్టునో, పంట వ్యర్థాన్నో బాగా ఒత్తిడితో నొక్కితే అందులోని లిగ్నిన్ వేడికి మెత్తబడి బంకలా పట్టి ఉంచుతుంది. అదే పెల్లెట్. ఆ పట్టు నీటికి నిలవదు. మంచి పెల్లెట్‌ను విరిస్తే టప్‌మని విరుగుతుంది. నెమ్ము పట్టింది వేళ్ల మధ్యే పిండి అవుతుంది. అంటుకోవాలంటే కట్టె దాదాపు 250, 300 డిగ్రీల దాకా వేడెక్కాలి. లోపల నీళ్లుంటే రాడ్డు ఇచ్చే వేడంతా ముందు ఆ నీటిని ఆవిరి చెయ్యడానికే పోతుంది. అంతకంటే పెద్ద చేటు మరలో జరుగుతుంది. తడిసిన పెల్లెట్ ఉబ్బి, పొట్టై, గొట్టంలో సిమెంటులా గట్టిపడుతుంది. కదలని మరను తిప్పబోయి మోటారు కాయిల్ మాడుతుంది. ఆమె పొయ్యిలో సగం జబ్బు ఇదే. వానకాలంలో రాత్రిపూట డబ్బా ఖాళీ చెయ్యాలని, బస్తా నేలకు ఆనకుండా చెక్క మీద పెట్టి మూతి కట్టాలని ఆమెకు ఎవరైనా చెప్పారా? అమ్మిన రోజు మీ మనిషి పది నిమిషాలు కూర్చుని చెప్పి ఉంటే ఆమెకు నాలుగు రోజుల గిరాకీ పోయేదా?

రెండోది బూడిద. పెల్లెట్ గ్రిల్లు పుట్టింది అమెరికాలో. 1980లలో ఒరెగాన్ రాష్ట్రంలో జో ట్రేగర్ అనే ఆయన దానికి రూపమిచ్చాడు. అక్కడి పెల్లెట్ మేలైన కట్టెది. నూరు కిలోలు కాలిస్తే కిలో బూడిద కూడా మిగలదు. మా దగ్గర దొరికేది పంట వ్యర్థాలతో చేసింది. ఒక్క వరిపొట్టులోనే అయిదో వంతు దాకా బూడిద ఉంటుంది. పైగా పంట వ్యర్థాల్లోని పొటాషియం వేడికి ఇసుక అంశంతో కలిసి కరిగి, చల్లారాక కిట్టంలా గడ్డకడుతుంది. ఆ గడ్డ నిప్పుగిన్నె చిల్లులను మూసేస్తుంది. చిల్లులు మూసుకుంటే ఫ్యాను ఎంత తిరిగినా గాలి ఎక్కడినుంచి వస్తుంది? అక్కడి కట్టె కోసం గీసిన గిన్నెను ఇక్కడి పొట్టుకు అమ్ముతున్నప్పుడు, రోజూ బూడిద ఎత్తాలని, వారానికోసారి గిన్నె ఊడదీసి చిల్లుల్లో మేకు పెట్టి గీకాలని చెప్పాల్సిన బాధ్యత ఎవరిది? గీకాలంటే గిన్నె ఊడాలి. ఊడాలంటే స్క్రూలు విప్పాలి. విప్పితే వారంటీ లేదంటారు. మరి బూడిద తనంతట తాను లేచి బయటికి నడిచిపోతుందా?

మూడోది కరెంటు. ఇది నా పని కాబట్టి కొంచెం లెక్కతో చెబుతాను. ఒక రాడ్డు మీద 230 వోల్టులకు 250 వాట్లు అని ఉందనుకుందాం. మల్టీమీటరు పెడితే 210 ఓములకు అటూ ఇటూ చూపాలి. అసలేమీ చూపకపోతే లోపలి తీగ తెగినట్టు. ఆమె పొయ్యి రాడ్డు ఆ లెక్కే చూపింది. రాడ్డు బాగానే ఉంది. మరెందుకు అంటుకోలేదు? ఊరి చివర, అందరి మోటార్లూ నడిచే తెల్లవారుజామున ఆమె హోటల్లో వోల్టేజి 170కి పడిపోతోంది. వోల్టేజి పావు వంతు తగ్గితే వేడి పావు వంతుతో ఆగదు, వర్గం లెక్కన పడిపోతుంది. 250 వాట్ల రాడ్డు 137 వాట్లే ఇస్తుంది. అంటే సగానికి కాస్త ఎక్కువ. దానికి తోడు నెమ్ము పట్టిన పెల్లెట్. ఇక అంటుకోమంటే ఎట్లా అంటుకుంటుంది? మధ్యాహ్నం మీ మనిషి చూస్తే వెలుగుతుంది, తెల్లవారుజామున ఆమె చూస్తే వెలగదు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆమె మాట నమ్మి వోల్టేజి ఎంతుందని ఒక్క ప్రశ్న అడిగే తీరిక మీకు లేకపోయింది.

వోల్టేజి తగ్గడం మీ తప్పని నేననడం లేదు. తగ్గుతుందని తెలిసిన ఊళ్లలో అమ్ముతున్నారు గదా! మీ వస్తువు ఎన్ని వోల్టుల దాకా అంటుకుంటుందో పెట్టె మీద ఎందుకు రాయరు? 170 వోల్టుల దగ్గర వెలిగించి చూసే పంపుతున్నారా?

ఇక తెప్పించి అమ్మేవారికి ఒక మాట. అమెరికా కరెంటు 120 వోల్టులు. అక్కడి రాడ్డును మన 230కి తగిలిస్తే మూడున్నర రెట్లకు పైగా కరెంటు శక్తిని మింగి నిమిషాల్లో కాలిపోతుంది. అట్లా కాలిన గ్రిల్లు ఒకటి నా దగ్గరికి వచ్చింది. కొన్నవాళ్లు తెచ్చింది ప్లగ్గు మార్చే చిన్న ముక్క ఒక్కటే. ప్లగ్గు మారితే వోల్టేజి మారదని వాళ్లకు అమ్మినవారు చెప్పలేదు. ఆ ఒక్క వాక్యానికి ఎంత ఖర్చవుతుంది?

మిగిలినవి చిన్నవి. ఫ్యూజు పోవడం, ఫ్యాను రెక్కల్లో మసి పేరుకోవడం, వేడిని కొలిచే సెన్సరుకు మసి పట్టి మంట లేనట్టు తప్పు కబురు చెప్పడం. ఇరవై నిమిషాల పని. అయిదు రూపాయల ఫ్యూజు కోసం మనిషిని హైదరాబాదుకు తిప్పడం న్యాయమా?

ఇందులో ప్రాణం సంగతి కూడా ఉంది. అంటుకోని పొయ్యి ఊరికే చల్లగా పడి ఉండదు. మర తోస్తూనే ఉంటుంది, గిన్నె నిండుతూనే ఉంటుంది. సగం కాలిన పెల్లెట్లు పసుపు పచ్చగా చిక్కటి పొగ కక్కుతాయి. ఆ పొగే మండే వాయువు. మూత వేసి ఉన్నప్పుడు అది లోపల నిండి, ఒక్కసారిగా అంటుకుంటే మూత ఎగిరిపోతుంది. కరెంటు తీసి, పొగ పోయి గిన్నె చల్లారాక మూత తెరిచి, పెల్లెట్లన్నీ తోడేసి మళ్లీ మొదలుపెట్టడం ఒక్కటే దారి. పెట్రోలు పొయ్యకూడదు, కిరసనాయిలు పొయ్యకూడదు. మంట మధ్యలో కరెంటు పోతే ఫ్యాను ఆగి, నిప్పు వెనక్కి మర గొట్టంలోకి పాకవచ్చు. ఈ సంగతులు మీ పుస్తకంలో ఉన్నాయి. ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో, ముప్పయ్యో పేజీ తర్వాత ఉన్నాయి. మా ప్రాంతం కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దులకు దగ్గర్లో ఉంది. ఒకే హోటల్లో తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ, లంబాడీ వినబడతాయి. ఇన్ని భాషల మనుషుల మధ్య మీ హెచ్చరికకు దొరికింది ఇంగ్లీషు ఒక్కటేనా?

ఇది నా బల్ల మీది పది పొయ్యిల గొడవ అనుకోకండి. పొగ తక్కువ పొయ్యిలు ఈ దేశంలో ఒకసారి కాదు, పలుసార్లు వచ్చిపోయాయి. 1980ల మధ్య నుంచి 2002 దాకా కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల కార్యక్రమం నడిపి మూడు కోట్లకు పైగా పొయ్యిలు పెట్టించింది. వాటిలో ఎన్నో, బాగుచేసేవాళ్లు లేక, పగిలి మూలపడ్డాయి. 2006లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధనతో బీపీ కంపెనీ ఊర్జా అనే పెల్లెట్ పొయ్యిని తెచ్చింది. మా పక్క రాష్ట్రాలు మహారాష్ట్ర, కర్ణాటకల్లో లక్షల ఇళ్లకు చేరింది. పొయ్యి మంచిదే. పెల్లెట్ ధర పెరిగింది, సరఫరా తడబడింది, కొన్నవాళ్లలో చాలామంది కొన్నేళ్లకే వాడడం మానేశారు. పొయ్యి అమ్మితే సగం పనే అయినట్టు. రేపు కూడా అంటుకునేట్టు చూడడం మిగతా సగం. ఈ పాఠం మీరెందుకు చదవలేదు?

ఈసారి పోగొట్టుకునేది మరింత ఎక్కువ. మా నల్లరేగళ్లలో పత్తి, కంది పండుతాయి. పంట తీశాక పత్తికట్టెను చేలోనే తగలబెట్టే రైతులు ఎందరో. ఆ కట్టె పెల్లెట్ అయితే రైతుకు నాలుగు రూపాయలు, ఊరికి పని. బొగ్గు కరెంటు కేంద్రాల్లో బయోమాస్ పెల్లెట్లను కలిపి కాల్చాలని కేంద్ర విద్యుత్ శాఖ 2021 అక్టోబరులో విధానం తెచ్చింది. పెద్ద కేంద్రాలకు ఇంజనీర్లుంటారు, వాటి బాయిలర్లు అంటుకుంటాయి. హోటలు నడిపే ఆడమనిషికి ఉన్నది మీ ఫోన్ నంబరు ఒక్కటే. మూడు కిలోల పెల్లెట్ దాదాపు కిలో గ్యాసంత వేడి ఇస్తుందని లెక్క వేసుకుని, అప్పు చేసి ఆమె మీ పొయ్యి కొన్నది. ఆమె నమ్మకం పోతే ఊళ్లో ఇంకెవరూ కొనరు. పెల్లెట్ అంటేనే మోసం అన్న పేరు పడుతుంది. మళ్లీ కట్టెలు, మళ్లీ పొగ, మళ్లీ కళ్లమంట. పొయ్యిలో పిల్లి లేవలేదంటే ఆ ఇంట్లో ఆ పూట వంట లేదని మనవాళ్లు చెప్పుకునే మాట. ఆమె హోటల్లో నాలుగు రోజులు పిల్లి లేవలేదు.

చట్టం కూడా మీ చీటీ మాట వినదు. 2020 జులై నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం, సరిగా వాడుకోవడానికి తగిన సూచనలు, ప్రమాద హెచ్చరికలు ఇవ్వనందువల్ల హాని జరిగితే తయారీదారు బాధ్యుడు. హోటలుకు కొన్నది కాబట్టి ఆమె వినియోగదారు కాదంటారేమో. తన చేతుల మీద బతుకు వెళ్లదీసుకోవడానికి కొన్న మనిషిని చట్టం వినియోగదారుగానే చూస్తుంది. ఫిర్యాదు కోసం ఆమె మీ హెడ్ ఆఫీసు ఉన్న నగరానికి రానక్కర్లేదు. తానున్న జిల్లాలోనే, సంగారెడ్డిలోని వినియోగదారుల కమిషన్‌లోనే వెయ్యవచ్చు. అయిదు లక్షల లోపు వస్తువుకు ఫీజు కూడా లేదు. బాగుచేసుకునే హక్కు గురించి కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ తెరిచింది. బయోమాస్ పొయ్యి ఎంత వేడి ఇవ్వాలో, ఎంతకు మించి పొగ వదలకూడదో ఐఎస్ 13152 ప్రమాణం చెబుతోంది. ఆ పరీక్ష నెగ్గామని పెట్టె మీద గొప్పగా వేసుకుంటారు. వేసుకోండి, తప్పులేదు. అంటుకోని పొయ్యి సామర్థ్యం ఎంత? సున్నా. ఆ సున్నాను ఏ పరీక్షలో చూపిస్తారు?

కోర్టు మెట్లెక్కడం మాకు సరదా కాదు. మేము అడిగేవి మీరు రేపే చెయ్యగలిగినవి. పొయ్యి మీదే, కళ్లకు కనబడేచోట, తెలుగులో, బొమ్మలతో ఒక్క రేకు బిగించండి. అంటుకోకపోతే ఏ వరసలో చూసుకోవాలో దాని మీద ఉండాలి: పెల్లెట్ పొడిగా ఉందా, గిన్నెలో బూడిద ఉందా, గాలి వస్తోందా, మర తిరుగుతోందా, రాడ్డు ఎర్రబడుతోందా, ఫ్యూజు ఉందా, వోల్టేజి ఎంత. పెట్రోలు పొయ్యవద్దన్న మాట అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉండాలి. రాడ్డు, ఫ్యాను, ఫ్యూజు, సెన్సరు ధర ముద్రించి జిల్లాకు ఒక్క దుకాణంలోనైనా ఉంచండి. ఎవరి స్క్రూడ్రైవరుకైనా లొంగే స్క్రూలే వాడండి. బూడిద ఎత్తడానికీ రాడ్డు మార్చడానికీ విప్పితే వారంటీ పోదని రాసివ్వండి. పెల్లెట్ బస్తా మీద అది దేనితో చేసిందో, తేమ ఎంతో, బూడిద ఎంతో అచ్చువెయ్యండి.

ఊరి మెకానిక్ విప్పితే ప్రమాదం అంటారు మీరు. మంచిది, ఆ భయం నాకూ ఉంది. తెలియనివాడు విప్పితే ప్రమాదమే. అయితే తెలియజెప్పేది ఎవరు? ఏడాదికి ఒక్కరోజు ప్రతి మండలంలో మాలాంటివాళ్లను కూర్చోబెట్టి నేర్పండి. భోజనం కూడా పెట్టనక్కర్లేదు, మా సద్ది మేమే తెచ్చుకుంటాం. మీరు నేర్పకపోతే పని ఆగదు. ఆమె హోటలు పొద్దున ఐదింటికి తెరవాలి కాబట్టి ఎవరో ఒకరు విప్పుతారు. చీకట్లో, అంచనా మీద, అనుభవం లేకుండా విప్పుతారు. ప్రమాదం అక్కడుంది.

ఆమె పొయ్యి ఏమైందో చెప్పి ముగిస్తాను. మర గొట్టంలో గట్టిపడ్డ పొట్టును ఉలి పెట్టి గంటసేపు తొలిచాను. చిల్లులు గీకాను. నా దగ్గరున్న పాత స్టెబిలైజరు ఒకటి తగిలించాను. ఎండు పెల్లెట్లు గుప్పెడు వేశాం. అయిదో నిమిషంలో నిప్పు అందుకుంది. ఆమె పిల్లవాణ్ని దగ్గరికి పిలిచి, చల్లారాక మూత తెరిచి ఎట్లా తోడాలో, ఎట్లా గీకాలో మొత్తం వాడితోనే మళ్లీ చేయించింది. రెండోసారికి నన్ను అడగకుండానే చేశాడు. వాడికి నేర్చుకోవడానికి పట్టింది అరగంట.

ఆ అరగంట మీరు ఇవ్వాల్సింది. వైరింగు బొమ్మ ఉన్న ఒక్క కాగితం మాకు పంపండి. మల్టీమీటరు, స్క్రూడ్రైవరు మా దగ్గరే ఉన్నాయి.

ఇట్లు,
నారాయణఖేడ్‌లో మోటారు వైండింగ్ పనిచేసే ఒక మెకానిక్